నాన్న బండి గుద్దుకుంది: బాగు చేయించాలా, తుక్కుకి ఇచ్చేయాలా?

నర్సీపట్నం దగ్గరి ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినాయన పేరు వద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

వయసు 34, విశాఖలో ఉద్యోగం. 2011 ఆగస్టులో నాన్నగారు కొత్తగా కొన్న మహీంద్రా స్కార్పియో గెట్‌అవే ఇంట్లో ఉంది. డబుల్ క్యాబిన్, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే) పికప్. సొంత వాహనంగానే రిజిస్ట్రేషన్ అయింది. వానాకాలంలో గెడ్డ (వాగు) దాటి జీడితోటకు వెళ్ళగలిగే బండి వాళ్ళకు అదొక్కటే. నాన్నగారు రెండేళ్ళ కిందట పోయారు. అప్పటి నుంచి తోట పనులూ బండీ చూసుకుంటున్నది అక్క భర్త. మొన్న డిసెంబరులో తెల్లవారుజామున ఆయన చింతపల్లి నుంచి వస్తూ, లంబసింగి దాటాక ఘాట్ రోడ్డులో, మంచులో ఎదురొచ్చిన వ్యాన్‌ను తప్పించబోయి కల్వర్టు గోడకు కొట్టేశారు. పక్కటెముకల దగ్గర కమిలింది తప్ప ఆయనకేమీ కాలేదు.

బండికి మాత్రం ఎడమ ముందు భాగమంతా పోయింది. బంపర్, బానెట్, మడ్‌గార్డ్, హెడ్‌లైట్, రేడియేటర్ పాడయ్యాయి. ఎడమ చక్రం వెనక్కి తోసుకుపోయి రేకుకు ఆనుకుంది. ఎడమ ముందు తలుపు పడటం లేదు. క్యాబిన్‌కూ వెనక లోడ్ బాడీకీ మధ్య సందులో ఎడమవైపు రెండు వేళ్ళు పడుతున్నాయి, కుడివైపు ఒక్కటి కూడా సరిగ్గా పట్టదు. టింకరింగ్ మేస్త్రి మొత్తం 1,90,000 అవుతుందన్నాడు. కంపెనీ వర్క్‌షాపు వాళ్ళు ఛాసిస్ (బండి మొత్తాన్ని మోసే కింది ఇనుప చట్రం) సంగతి కలపకుండానే 4,60,000 ఎస్టిమేట్ రాశారు. పాత ఇనుము వ్యాపారి 80,000 ఇస్తానంటున్నాడు. ఇన్సూరెన్స్ ఏటా రెన్యూవల్ చేస్తున్నారు, ఐడీవీ (పాలసీలో రాసిన బండి విలువ) 3,00,000. ఆర్‌సీ, పాలసీ రెండూ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉన్నాయి. ఏజెంటేమో "క్లెయిమ్ ఫారం మీద నాన్నగారి సంతకం మీరే పెట్టేయండి, ఎవరూ చూడరు" అన్నాడట.

ఇంట్లో గొడవ వేరే. కోపంలో ఈయన "నాన్న బండిని నాశనం చేశావు" అని బావగారిని అనేశారు. ఆయన అక్క బంగారం తాకట్టు పెట్టయినా మొత్తం ఖర్చు తానే పెట్టుకుంటానంటున్నారు. అక్క ఫోన్ చేయడం మానేసింది. అమ్మ బాగు చేయించమంటుంది, భార్య వదిలించుకోమంటుంది. ఈయనకేమో ఎలాగూ బండి విప్పుతున్నారు కదా, ఇదే అదనుగా ఎత్తు పెంచి, పెద్ద టైర్లు, బుల్ బార్ (ముందు బిగించే ఇనుప కడ్డీలు), వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మర) పెట్టి పూర్తిస్థాయి ఆఫ్‌రోడ్ బండిగా కట్టించుకోవాలని ఉంది. "బాగు చేయించనా, ఇచ్చేయనా? బావ డబ్బు తీసుకోవచ్చా?" అని అడుగుతున్నారు.

సమాధానం:

మీరు అడిగింది బండి గురించి. కానీ ముందు ఆ సంతకం సంగతి తేల్చాలి. ఆ ఫారం మీద నాన్నగారి పేరుతో మీరు పెన్ను పెట్టారంటే అది ఫోర్జరీ. నష్టం చూడటానికి బీమా కంపెనీ పంపే సర్వేయర్ వచ్చినప్పుడు ఓనర్ ఎక్కడని అడుగుతాడు, లైసెన్సు, ఆర్‌సీ, బ్యాంకు ఖాతా అన్నీ అడుగుతాడు. రెండేళ్ళ కిందట పోయిన మనిషి మొన్న డిసెంబరులో సంతకం పెట్టాడని తేలడానికి ఎంతోసేపు పట్టదు. అప్పుడు క్లెయిమ్ పోవడమే కాదు, మీ మీద కేసు కూడా అవుతుంది. ఏజెంటు తనకేమీ తెలియదని తప్పుకోవాలని చూస్తాడు, సంతకం మీ చేత్తో పెట్టింది కదా.

నిజం చెబితే ఏమవుతుంది? పాలసీదారు చనిపోతే ఆ పాలసీ వెంటనే రద్దవదు. మరణించిన రోజు నుంచి మూడు నెలలు గానీ, పాలసీ గడువు ముగిసేదాకా గానీ, ఏది ముందైతే అప్పటిదాకా చెల్లుతుంది. ఆలోగా వారసులు తమ పేరు మీదకు మార్చుకోవాలి. ఆర్‌సీకీ ఇంచుమించు ఇదే పద్ధతి: ముప్పై రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల్లో పేరు మార్పు కోసం ఫారం 31 ఇవ్వాలి. మీ ఇంట్లో ఈ రెండూ జరగలేదు. కాబట్టి సొంత నష్టం కింద డబ్బు ఇవ్వనని కంపెనీ అనడానికి వాళ్ళ చేతిలో గట్టి కారణమే ఉంది.

అయినా మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జత చేసి, వారసులుగా మీరే ఉన్నదున్నట్టు రాసి ఇవ్వమంటాను. ప్రీమియం తీసుకుంది వాళ్ళే, బండి ఉన్నది నిజం, ప్రమాదం నిజం, మీరు చట్టబద్ధ వారసులన్నదీ నిజం. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి, నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్ళొచ్చు. ఫీజు ఉండదు, వకీలు అక్కర్లేదు. తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్ళాలి. కాకపోతే ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు ఆ డబ్బు రాదనే అనుకోండి. ఇంకో మాట. సర్వే అయ్యేదాకా మేస్త్రిని ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి. నాలుగు వైపుల నుంచీ, కింద నుంచీ ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఒకవేళ క్లెయిమ్ నిలబడితే లెక్క ఇలా ఉంటుంది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ (బాగు చేయించడం గిట్టదని తేల్చిన బండి) కింద కడతారు. మీకు ఆ గీత 2,25,000 దగ్గర ఉంది. వర్క్‌షాపు ఎస్టిమేట్ ప్రకారం మీ బండి ఎప్పుడో దాటేసింది. మేస్త్రి లెక్క ప్రకారం ఇంకా దాటలేదు. టోటల్ లాస్ అయితే ఐడీవీలోంచి కోతలు పోనూ డబ్బు వస్తుంది, బండి మీరే ఉంచుకుంటే శిథిలం విలువ కూడా తీసేస్తారు. రిపేరుకు ఒప్పుకుంటే, పదేళ్ళు దాటిన బండి కాబట్టి ఇనుప భాగాలకు సగమే ఇస్తారు. ప్లాస్టిక్కు, రబ్బరుకూ సగమే. అద్దాలకు కోత లేదు.

ఇప్పుడు బావగారి సంగతి. మీ ఉత్తరమంతా "నా బండి", "మా నాన్న బండి" అని ఉంది. వీలునామా ఏమీ లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాన్నగారి ఆస్తిలో అమ్మకు, మీకు, అక్కకు సమాన వాటా. నాన్నమ్మ ఉంటే ఆవిడకూ ఒకటి. ఈ బండీ అందులోదే. అంటే బావగారు మీ దగ్గర అరువు తెచ్చుకున్న బండిని గుద్దలేదు. తన భార్యకు కూడా వాటా ఉన్న బండిలో, మీ అందరి తోట పని చూసుకుంటూ తిరుగుతుండగా ఈ ప్రమాదం జరిగింది. మీరు విశాఖలో ఉన్న ఈ రెండేళ్ళూ ఆ తోట ఎవరి కష్టం మీద నిలబడిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆర్‌సీ మీ పేరు మీదకు రావాలన్నా అమ్మా అక్కా అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాలి. ఫోన్ కూడా చేయని అక్కతో ఆ సంతకం ఎలా పెట్టిస్తారు? కాబట్టి ముందు వాళ్ళింటికి వెళ్ళండి. డబ్బు మాట ఎత్తకుండా, అన్న మాటకు బావగారికి క్షమాపణ చెప్పండి. ఫోన్లో కాదు, ఎదురుగా.

డబ్బు తీసుకోవచ్చా అంటే, తీసుకోవచ్చు. మొత్తం తీసుకుంటే ఆ బంగారం తాకట్టు మీ అక్క బోసి మెడలో రోజూ కనిపిస్తుంది. అసలేమీ వద్దంటే ఆయనకు అవమానంగా ఉండొచ్చు, తప్పు చేశానన్న బరువు కూడా అలాగే ఉండిపోతుంది. ముగ్గురు వాటాదారులూ తలా కొంత వేసుకుని, ఆయన అందులో తనకు వీలైనంత కలపడం నాకు న్యాయంగా కనిపిస్తోంది. తాకట్టు లేకుండా ఇవ్వగలిగినంతే. అయితే ఏ దారి పట్టినా ప్రమాదం వల్ల అయిన ఖర్చునూ, మీ ముచ్చట ఖర్చునూ ఒకే బిల్లులో కలపకండి. వించ్‌కీ, పెద్ద టైర్లకూ బావగారి రూపాయి ఒక్కటి కూడా పడకూడదు. ఎంత చెప్పుకున్నా, ఆయన గుద్దడం వల్లే మీకు కొత్త టైర్లు వచ్చాయన్న మాట రేపు ఇంట్లో ఎవరో ఒకరు అనకుండా ఉండరు.

ఇక బండి. బాగు చేయించాలా వద్దా అన్నది 1,90,000కీ 4,60,000కీ మధ్య తేలే విషయం కాదు. ఛాసిస్ తేల్చాలి. ముందు సగం రేకు సామాను స్కార్పియోదే కాబట్టి బానెట్, మడ్‌గార్డ్, లైట్లు, రేడియేటర్ దొరకని వస్తువులేమీ కాదు. ఆ వయసు స్కార్పియోలు విడదీసి అమ్మేవాళ్ళు గాజువాక ఆటోనగర్‌లో ఉన్నారు, విజయవాడ ఆటోనగర్‌లో ఇంకా ఎక్కువ. అదే వెనక లోడ్ బాడీకి దెబ్బ తగిలుంటే కష్టమయ్యేది, అది గెట్‌అవేకే ప్రత్యేకం. అంతవరకు మీకు కలిసొచ్చింది.

నన్ను ఆపింది ఆ సందులో పట్టే వేళ్ళ లెక్క. పికప్‌లో క్యాబిన్ వేరు, లోడ్ బాడీ వేరు. రెండూ ఒకే నిచ్చెన ఛాసిస్ మీద విడివిడిగా బిగించి ఉంటాయి. కాబట్టి మధ్య సందు తిన్నగా లేదంటే కింద ఏదో కదిలిందని అర్థం. ఎడమ మూల గోడకు కొట్టుకున్నప్పుడు ఛాసిస్ ముందు భాగం కుడికి వంగితే ఎడమ సందు తెరుచుకుంటుంది, కుడి సందు మూసుకుంటుంది. మీరు రాసింది సరిగ్గా అదే. అయితే క్యాబిన్ తన రబ్బరు మౌంట్ల మీద కాస్త తిరిగినా ఇలాగే కనిపిస్తుంది. అదే అయితే చిన్న ఖర్చు. ఏదన్నది కొలిస్తే తెలుస్తుంది.

కొలవడానికి పెద్ద మిషను అక్కర్లేదు. చదునైన గచ్చు మీద బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, ఛాసిస్‌కు రెండు పక్కలా పొడుగునా ఉండే ఇనుప పట్టీలకూ కంపెనీ పెట్టిన రంధ్రాల్లో ఎడమా కుడీ జతగా ఉన్నవి ఎంచుకోవాలి. ఒక్కో రంధ్రం నుంచి, తాపీ మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండును దారంతో వదిలి, నేల మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టాలి. తర్వాత బండిని పక్కకు జరిపి గుర్తుల మధ్య ఐమూలగా టేపు పట్టాలి. ఎడమ ముందు నుంచి కుడి వెనక్కి ఎంతో, కుడి ముందు నుంచి ఎడమ వెనక్కీ అంతే రావాలి. రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వస్తే చేతి తప్పనుకోవచ్చు. సెంటీమీటరు వచ్చిందంటే ఛాసిస్ కదిలినట్టే. క్యాబిన్ కింద ఒక చదరం, లోడ్ బాడీ కింద ఒక చదరం, ఇంజిన్ కింద ఒకటి, ఇలా విడివిడిగా కొలిస్తే వంకర ఎక్కడ మొదలైందో కూడా తెలుస్తుంది.

ఐమూలలు సరిపోయినా మెలి తిరిగి ఉండొచ్చు. దానికి, బండి స్టాండ్ల మీద ఉండగానే, రెండు తిన్నని పైపులు తెచ్చి ఛాసిస్ కింద అడ్డంగా, ముందొకటి వెనకొకటి క్లాంపులతో బిగించి, బండి ముందు గొంతుకూర్చుని చూడాలి. రెండు పైపులూ ఒకదానికొకటి సమంగా కనిపించాలి. ఒకటి వాలి కనిపిస్తే అది మెలి.

వంకర ముందు సస్పెన్షన్ కంటే ముందున్న పట్టీల కొసల్లోనే (కొమ్ములంటారు) ఉంటే మంచి మేస్త్రి సరిచేయగలడు. 1,90,000 అన్నది అప్పుడు నమ్మదగ్గ అంకె. దాని మీద ఇంకో నలభై యాభై వేలు పక్కన పెట్టుకోండి. చక్రం వెనక్కి వెళ్ళిందంటే లోయర్ ఆర్మ్ పోయినట్టే. దాంతోపాటు స్టీరింగ్ ర్యాక్, ఎడమ యాక్సిల్ షాఫ్ట్, ముందు డిఫరెన్షియల్ మౌంట్లు, ఇంజిన్ మౌంట్లు విప్పితే గానీ తెలియవు. ఫోర్ బై ఫోర్ వేసి, రెండు ప్రాపెల్లర్ షాఫ్టులూ తిరుగుతుండగా వినాల్సిన చప్పుడు కూడా ఉంటుంది. ఎస్టిమేట్‌లో ఇవేమీ లేవు, మీరు పంపిన కాగితం చూశాను.

వంకర సస్పెన్షన్ ఆర్ములు బిగించే చోటగానీ, దాని వెనకగానీ ఉంటే మాత్రం షెడ్డు పని కాదు. మన దగ్గర చేసే పద్ధతి మీకూ తెలిసిందే. పట్టీని గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, చైన్ బ్లాకు తగిలించి, రెండో కొస చింతచెట్టుకు కట్టి లాగుతారు. చూడటానికి తిన్నగానే వస్తుంది. కానీ ఎర్రగా కాలిన చోట ఆ ఇనుముకు మునుపటి బలం ఉండదు. ముడత పడిన చోట లాగితే పైకి కనబడని పగుళ్ళు వస్తాయి. జీడిపిక్కల బస్తాలు వేసుకుని గెడ్డలో రాళ్ళ మీద పోయేటప్పుడు మెలి పడేది ఆ పట్టీలే. బండిని నాలుగు వైపులా బిగించి హైడ్రాలిక్‌తో కొద్దికొద్దిగా లాగుతూ, లాగిన ప్రతిసారీ కొలిచే ఫ్రేమ్ బెంచ్ ఉన్న చోటికే తీసుకెళ్ళండి. పట్టీ మీద రంగు పెచ్చులు లేచిన చోట్లు, కోడిగుడ్డు ఆకారంలోకి సాగిన రంధ్రాలు కనిపిస్తే అక్కడివాళ్ళకు ముందే చూపించండి.

ఎవరైనా "సెకండ్‌హ్యాండ్ ఛాసిస్ ఉంది, వేసేద్దాం" అంటే ఆగండి. ఆర్‌సీలో ఉన్న నంబరు చెక్కి ఉండేది దాని మీదే. రవాణా కార్యాలయం అనుమతి లేకుండా మార్చే వస్తువు కాదది. ఆ పాత ఛాసిస్ ఏ బండిదో, ఎలా వచ్చిందో బిల్లు లేకపోతే, దొంగబండి భాగం మీ నెత్తిన పడ్డా చెప్పుకోడానికి ఏమీ ఉండదు. రిపేరులో కూడా ఆ నంబరు ఉన్న చోట గ్రైండింగ్ పెట్టొద్దని, పుట్టీ పూయొద్దని మేస్త్రికి గట్టిగా చెప్పండి. ఆగస్టుతో మీ ఆర్‌సీకి పదిహేనేళ్ళు నిండుతాయి. మళ్ళీ ఐదేళ్ళకు రెన్యూవల్ కావాలంటే ఇన్‌స్పెక్టర్ ముందు చూసేది ఆ నంబరే. అందుకే వారసత్వ బదిలీ ఇప్పుడే మొదలుపెట్టండి. ఆగస్టులో రెండు పనులూ కలిసి మీద పడితే టెన్షన్ మీకే.

బెంచ్ ఖర్చుతో కలిపి మొత్తం మూడున్నర లక్షలు దాటుతుందంటే, నేనైతే వద్దంటాను. అమ్మకు చెప్పడం కష్టమే. ఆవిడను ఒక్క మాట అడిగి చూడండి: బండి వాకిట్లో ఉండటం కావాలా, తోటకు వెళ్ళడం ఆగకపోవడం కావాలా? రెండోదైతే అదే డబ్బుతో గుద్దుళ్ళు లేని పాత ఫోర్ బై ఫోర్ వెతుక్కోవచ్చు. మొదటిదే అంటే, అదీ ఒక కారణమే. కాకపోతే ఆ ఖర్చు లెక్కకు నిలబడేది కాదని తెలిసి పెట్టండి.

ఇచ్చేయాలనుకుంటే ఆ 80,000 వ్యాపారికి ఊరికే తాళాలు ఇవ్వకండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్ తీసుకుని ఆర్‌సీ రద్దు చేయించండి. బండి ఇక పనికిరాదని తేలితే పద్నాలుగు రోజుల్లో తెలియజేయాలని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. రద్దు కాని ఆర్‌సీ, ఛాసిస్ నంబరు ముక్క బయట తిరుగుతుంటే, వాటితో ఇంకో బండి పుడుతుంది. దాని తాలూకు పోలీసులు మీ ఇంటికి వస్తారు.

మీ ఆఫ్‌రోడ్ కోరిక మీద నీళ్ళు చల్లుతున్నందుకు ఏమనుకోకండి. కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. బుల్ బార్ల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఎలాగూ గోడకు కొట్టిన బండికి ముందు ఇనుప కడ్డీలు బిగిస్తే, ఈసారి దెబ్బ బంపర్ దగ్గర ఆగకుండా తిన్నగా ఛాసిస్‌కే వెళ్తుంది. ఎత్తు సంగతంటారా, మీ బండికి ముందు టోర్షన్ బార్లు (మెలి తిరుగుతూ స్ప్రింగు పని చేసే కడ్డీలు) ఉంటాయి. వాటి బోల్టు నాలుగు చుట్లు తిప్పి "లిఫ్ట్ చేశాం" అని డబ్బు తీసుకునేవాళ్ళున్నారు. దాంతో స్ప్రింగు బలం పెరగదు. ఆర్ములు కిందికి వేలాడి, యాక్సిల్ షాఫ్టులు ఏటవాలుగా తిరిగి, బాల్ జాయింట్లు, వాటి రబ్బరు తొడుగులు తొందరగా పోతాయి. ఇప్పుడే కొత్తగా వేయించబోయేవి అవే కదా. గెడ్డ దాటడానికి కావాల్సింది కంపెనీ సైజులోనే మట్టిలో పట్టుండే టైర్లు, ఇంజిన్ కింద గట్టి రేకు, ముందూ వెనకా ఛాసిస్‌కు బిగించిన లాగుడు కొక్కేలు. వీటికి మీ జేబులోంచి కొద్దిగా చాలు. మిగతా ముచ్చట ఆగస్టులో రెన్యూవల్ అయ్యాక ఆలోచించుకోవచ్చు.

కొలతలు తీసే రోజు బావగారిని తోడు రమ్మనండి. గోడను ఏ కోణంలో కొట్టారో, తర్వాత స్టీరింగ్ ఎటు లాగిందో చెప్పగలిగేది ఆయనొక్కరే, మేస్త్రికి ఆ సమాచారం కావాలి. పని ఒప్పుకునేటప్పుడు డబ్బు ఒకేసారి ఇవ్వకండి. విప్పాక కొంత, రేకు పని రంగుకు ముందు ఒకసారి చూసుకున్నాక కొంత ఇవ్వండి. పుట్టీ పూశాక కింద ఏముందో ఎవరికీ కనబడదు. చివరి పాతిక వేలు మాత్రం కంప్యూటర్ అలైన్‌మెంట్ ప్రింటు చేతికొచ్చి, రెండు వైపుల అంకెలూ కంపెనీ హద్దుల్లో ఉన్నాయని చూసుకుని, ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ కాస్త వదులుగా పట్టి చూసినప్పుడు బండి తిన్నగా పోయాకే చెల్లించండి.